సత్యానికి సైన్స్ ఒక్కటే దారా?

[నల్లని తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒకే వాక్యం: "సైన్స్ రుజువు చేసిందే నిజం. మిగతాదంతా అభిప్రాయం."]

నమస్తే. తెర మీదున్న ఈ మాట ఎక్కడో ఒకచోట మీరు వినే ఉంటారు. బహుశా మీరే అని ఉంటారు. మూఢనమ్మకాలతో విసిగిపోయినవాళ్లు, ఏదైనా ఆధారం చూపించి మాట్లాడమనేవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. 1935లో బెర్ట్రండ్ రసెల్ అంతటి తత్వవేత్త కూడా దాదాపు ఇదే రాశాడు. తెలుసుకోదగ్గది ఏదైనా శాస్త్రీయ పద్ధతుల్లోనే తెలుసుకోవాలి, సైన్స్ కనిపెట్టలేనిది మనుషులు తెలుసుకోలేరు అన్నాడు. ఈ ఆలోచనా ధోరణిని సైంటిజం అంటారు.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ మాట తప్పు. సైన్స్ అంటే ప్రాణం పెట్టేవాళ్లే దీన్ని అందరికన్నా ముందు వదిలేయాలి.

సైన్స్‌ని తక్కువ చేయడానికి ఈ వీడియో చేయడం లేదు. మశూచి ఒక్క 20వ శతాబ్దంలోనే సుమారు 30 కోట్ల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో నమోదైంది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు భూమ్మీద లేదని ప్రకటించింది. ఇంతటి పని చేసిన పద్ధతి ముందు ఎవరైనా తల వంచాల్సిందే. గొడవ ఆ పద్ధతితో కాదు. "ఇదొక్కటే" అని దానికి తగిలించిన తోకతో.

[తెర మీద అదే వాక్యం మళ్లీ. పక్కన ఒక ప్రశ్న గుర్తు.]

ముందు ఆ వాక్యాన్నే పరీక్షకు పెడదాం. సైన్స్ రుజువు చేసిందే నిజం అంటున్నారు కదా, మరి ఈ మాటను రుజువు చేసింది ఏ ప్రయోగం? ఏ పరికరంతో కొలిచారు? అలాంటి ప్రయోగం లేదు, ఉండే వీలూ లేదు. ఎందుకంటే ఇది జ్ఞానం ఎలా వస్తుంది అనే విషయం మీద ఒక వాదన, అంటే తత్వశాస్త్రం. సొంత నియమం ప్రకారమే ఇది "మిగతా అభిప్రాయాల" గుంపులో పడిపోతుంది.

మాటల గారడీలా అనిపిస్తోందా? ఈ చిక్కులో పడ్డవాళ్లు సామాన్యులు కారు. 1920లలో వియన్నాలో మోరిట్జ్ ష్లిక్ అనే తత్వవేత్త చుట్టూ ఒక బృందం చేరింది. రుడాల్ఫ్ కార్నాప్, ఓట్టో నోయిరాత్ లాంటి ఉద్దండులు అందులో ఉన్నారు. ఒక వాక్యానికి అర్థం ఉండాలంటే రెండే మార్గాలన్నారు. అది గణితంలాగా కేవలం తర్కంతో నిలబడేదైనా కావాలి, లేదా అనుభవంతో సరిచూసుకోగలిగేదైనా కావాలి. మిగతాదంతా అర్థం లేని మాట. ఇంగ్లండ్‌లో ఎ.జె. ఏయర్ అనే తత్వవేత్త పాతికేళ్ల వయసులో, 1936లో, ఈ వాదాన్ని కుండబద్దలు కొట్టినట్టు రాశాడు. వెంటనే ప్రశ్న వచ్చింది: ఈ నియమం ఆ రెండింట్లో దేని కిందకు వస్తుంది? కేవలం తర్కంతో నిలబడదు, అనుభవంతో సరిచూడలేం. దశాబ్దాల పాటు దాన్ని మార్చి మార్చి రాసుకున్నారు, అతుకు మీద అతుకు వేశారు. 1970లలో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆ వాదంలో లోపమేమిటని అడిగితే, దాదాపు అంతా తప్పు కావడమేనని ఏయరే ఒప్పుకున్నాడు. జీవితమంతా మోసిన ఆలోచన గురించి అంత నిజాయితీగా మాట్లాడటం నాకు గొప్పగా అనిపిస్తుంది.

దీనికి తెలివైన జవాబు ఒకటి ఉంది. "మేము దీన్ని నిజం అనడం లేదు, ఇదొక విధానం. ఇలా నడుచుకుంటే మంచి ఫలితాలు వస్తాయి" అనొచ్చు. సరే. కానీ మంచి ఫలితాలంటే ఏవి? ఎవరికి మంచి? ఏది కోరుకోదగ్గది? ఇవి తూకం వేసి తేల్చే ప్రశ్నలు కావు. తలుపు మూయబోయి ఇంకో తలుపు తెరిచినట్టయింది.

ఇప్పుడు గణితం దగ్గరకు వద్దాం. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇది.

[తెర మీద అంకెలు ఒక్కొక్కటిగా వచ్చి రెండు వరుసల్లో చేరతాయి. ఒక వరుస ఎరుపు, ఒక వరుస నీలం.]

ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల గుణకారంగా విడగొట్టొచ్చు. 10 అంటే 2×5, రెండు ముక్కలు. 12 అంటే 2×2×3, మూడు ముక్కలు. ముక్కల లెక్క బేసి అయితే ఆ సంఖ్యను ఎరుపు జట్టులో వేద్దాం, సరి అయితే నీలం జట్టులో. 1కి ముక్కలే లేవు. సున్నా సరి సంఖ్యే కాబట్టి 1 నీలం జట్టు.

10 దాకా లెక్కపెట్టండి. ఎరుపులో 2, 3, 5, 7, 8. నీలంలో 1, 4, 6, 9, 10. అయిదుకు అయిదు, సమానం. 20 దాకా వెళ్తే ఎరుపులో 12, నీలంలో 8. ఇంకా ముందుకు వెళ్లండి. 2 దాటాక నీలం ఎప్పుడైనా సమానం కావొచ్చేమో గానీ ఎరుపును మించదు. 1919లో జార్జ్ పోల్యా అనే గణితవేత్త ఇది గమనించి, ఎంత దూరం వెళ్లినా ఇంతేనేమో అని ఊహించాడు.

వెయ్యి దాకా చూడండి, నిజమే. లక్ష దాకా చూడండి, నిజమే. కోటి, పది కోట్లు, యాభై కోట్లు, ఎక్కడా ఒక్క మినహాయింపు లేదు. ఒక మందును కొన్ని వేల మంది మీద పరీక్షించి సరిగ్గా పనిచేస్తే మనం ఒప్పుకుంటాం, ఒప్పుకోవాలి కూడా. ఇక్కడ వరసగా 90 కోట్ల పరిశీలనలు ఒకే మాట చెబుతున్నాయి. సైన్స్‌లో ఇంత గట్టి ఆధారం దొరకడమే అరుదు.

అయినా ఆ ఊహ తప్పు.

[తెర మీద పెద్ద అక్షరాల్లో: 90,61,50,257]

ఈ సంఖ్య దగ్గర మొదటిసారి నీలం జట్టు ముందుకొస్తుంది. దీన్ని 1980లో కనుక్కున్నారు. కానీ అసలు ఆశ్చర్యం అంతకు ముందే జరిగింది. 1958లో సి.బి. హేసెల్‌గ్రోవ్ అనే ఇంగ్లండ్ గణితవేత్త, అలాంటి సంఖ్య ఒకటి ఉండి తీరాలని రుజువు చేశాడు. ఆ సంఖ్య ఏదో ఆయనకు తెలియదు. అదుగో అని చూపించలేదు. అయినా ఉందని రుజువైంది.

అంటే ఒకవైపు 90 కోట్ల సాక్ష్యాలు ఒక మాట చెబుతుంటే, మరోవైపు ఒక రుజువు ఇంకో మాట చెప్పింది, రుజువే నెగ్గింది. దీన్నిబట్టి గణితంలో పరిశీలనకు విలువ లేదని కాదు. పోల్యాకు ఆ ఊహ వచ్చింది పరిశీలన వల్లే. కానీ చివరి మాట పరిశీలనది కాదు. యూక్లిడ్ 2,300 ఏళ్ల కిందట ప్రధాన సంఖ్యలకు అంతు లేదని కొద్ది వాక్యాల్లో చూపించాడు. అది నేటికీ చెక్కు చెదరలేదు. ఏ కొత్త కొలతా దాన్ని కదిలించలేదు, ఎందుకంటే అది కొలతల మీద కట్టింది కాదు.

"గణితం ప్రపంచం గురించి కాదు కదా" అంటారు కొందరు. కావొచ్చు. కానీ భౌతికశాస్త్రం ఊపిరి తీసుకునేది గణితంతోనే. సమీకరణాల్లోని తర్కం నిజమని ముందే ఒప్పుకోకపోతే ప్రయోగ ఫలితాల నుంచి ఏ నిర్ణయానికీ రాలేం. అలాగే, ఇప్పటిదాకా ప్రకృతి నడిచిన తీరులోనే రేపూ నడుస్తుందనే నమ్మకం కూడా. దీన్ని ప్రయోగంతో రుజువు చేయబోతే, నిన్నటి ప్రయోగాలను రేపటికి సాక్ష్యంగా పిలవాలి. అంటే ఏది రుజువు చేయాలో దాన్నే ముందుగా నమ్మాలి. డేవిడ్ హ్యూమ్ అనే తత్వవేత్త 1739లోనే ఈ ముడి చూపించాడు, దాన్ని విప్పానని అందరూ ఒప్పుకునేలా చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. సైన్స్ తప్పని దీనర్థం కాదు. సైన్స్ కాళ్ల కింద నేల ఉంది, ఆ నేలను సైన్స్ వేసుకోలేదు, అంతే.

ఇక చరిత్ర. క్రీస్తుపూర్వం 44 మార్చి 15న జూలియస్ సీజర్‌ని పొడిచి చంపారు. ఇది మనకు తెలుసు. అయినా ఆ హత్యను మళ్లీ జరిపించి చూడలేం. సాక్ష్యాలు పోల్చి, ఎవరు ఎందుకు రాశారో ఆలోచించి, పొంతన చూసి నమ్ముతాం. ఈ పనికి ఎంత పదునుందో చెప్పే కథ ఒకటుంది.

[తెర మీద పాత తోలు కాగితం. దాని మీద లాటిన్ రాత.]

మధ్యయుగాల్లో ఒక పత్రం చెలామణిలో ఉండేది. 4వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్, పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోప్‌కు రాసిచ్చాడని అందులో ఉంది. రాజ్యాధికారం మీద చర్చి వాదనలకు దాన్ని వందల ఏళ్లు సాక్ష్యంగా చూపించారు. 1440లో లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు దాన్ని ముందు పెట్టుకుని చదివాడు. చక్రవర్తి కొలువులో "సాత్రప్‌లు" ఉన్నట్టు రాసుంది. సాత్రప్‌లు పర్షియా పాలకులు, రోమన్ కొలువులో వాళ్లెందుకుంటారు? కాన్‌స్టంటినోపుల్‌ని ఒక మతపీఠంగా పేర్కొన్నారు. ఆ పత్రం రాశారంటున్న నాటికి అది ఇంకా మతపీఠం కాలేదు, ఆ పేరుతో నగరమే లేదు. లాటిన్ కూడా ఆ కాలపు లాటిన్ కాదు. పత్రం నకిలీదని తేలిపోయింది. అది 8వ శతాబ్దంలో పుట్టిందని ఈనాటి పండితుల అభిప్రాయం. వల్లా దగ్గర కాగితం వయసు కొలిచే యంత్రం లేదు. గెలీలియో పుట్టడానికి ఇంకా నూరేళ్లకు పైనే ఉంది. భాష, చరిత్ర, కామన్‌సెన్స్, చెప్పే ధైర్యం, ఇవే ఆయన పరికరాలు.

ఇక్కడ కొందరు అంటారు: "జాగ్రత్తగా ఆధారాలు చూడటమే కదా సైన్స్, వల్లా చేసింది కూడా సైన్సే." నాకు ఇది ఈ చర్చలో అన్నిటికన్నా కీలకమైన మలుపు. అలా అంటే అభ్యంతరం లేదు, కానీ దానికి ఖర్చుంది. జాగ్రత్తగా ఆలోచించడమంతా సైన్సే అయితే గణితం సైన్సే, చరిత్ర సైన్సే, కోర్టులో సాక్షిని ప్రశ్నించడం సైన్సే, ఏది న్యాయం అని ఓపికగా వాదించుకోవడం కూడా సైన్సే. అప్పుడు "సైన్స్ ఒక్కటే దారి" అంటే "జాగ్రత్తగా ఆలోచించడమే దారి" అని మాత్రమే. దాన్ని కాదనేదెవరు? ప్రయోగం, కొలత, పరికల్పన, ఇదే సైన్స్ అంటే మాటకు పదునొస్తుంది, కానీ అబద్ధమవుతుంది. చాలామంది వాదించేటప్పుడు విశాలమైన అర్థం వాడి, గెలిచాక ఇరుకైన అర్థంలోకి జారిపోతారు. ఇది కావాలని చేసే మోసం కాదు, వాళ్లకే తెలియకుండా జరిగిపోతుంది.

ఇప్పుడు బరువైన విషయం.

[తెర మీద: అలబామా, అమెరికా. 1932–1972]

1932లో అమెరికా ప్రజారోగ్య విభాగం అలబామా రాష్ట్రంలోని టస్కీగీ ప్రాంతంలో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. 600 మంది నల్లజాతి పురుషులు, ఎక్కువమంది నిరుపేద కౌలు రైతులు. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉంది, 201 మందికి లేదు. జబ్బుకు వైద్యం చేయకపోతే అది శరీరంలో ఎలా ముదురుతుందో చూడాలన్నది ఉద్దేశం. వాళ్లకు మాత్రం "చెడ్డ రక్తానికి" చికిత్స చేస్తున్నామని చెప్పారు. 1940లు ముగిసేలోపే పెన్సిలిన్ ఈ జబ్బుకు మామూలు మందు అయిపోయింది. అయినా ఇవ్వలేదు. ఇంకోచోట దొరక్కుండా కూడా చూశారు. పీటర్ బక్స్‌టన్ అనే ఉద్యోగి 1966 నుంచి లోపల అభ్యంతరాలు చెబుతూ వచ్చాడు. 1969లో ఒక నిపుణుల బృందం కూర్చుని, కొనసాగించాలనే నిర్ణయించింది. చివరికి 1972లో పత్రికలకెక్కాకే అది ఆగింది. అప్పటికి నలభై ఏళ్లు. మనుషులు చనిపోయారు, భార్యలకు సోకింది, పుట్టుకతోనే జబ్బు ఉన్న పిల్లలు పుట్టారు.

ఇది ఘోరం. "నాకు ఘోరం అనిపిస్తుంది" అని కాదు, ఘోరమే. నేను ఈ మాటను నీళ్లు పెరుగుతున్న చోట నిలబడి నీళ్లున్నాయి అన్నంత నమ్మకంతో అంటున్నాను.

మరి ఏ కొలత ఈ సంగతి చెప్పింది? ఆ అధ్యయనం శాస్త్రీయంగానూ నాసిరకమే, నిజం. కానీ ఒక్క లోపం కూడా లేకుండా, నిక్కచ్చి అంకెలతో నడిచి ఉంటే అది తప్పు కాకుండా పోయేదా? మనుషుల్ని మోసం చేసి, మందు దాచిపెట్టి, వాళ్ల చావును పట్టికలో రాసుకోవడం తప్పు అనే జ్ఞానం ఆ పట్టికలో ఎక్కడా ఉండదు.

రసెల్ ఇక్కడ తడబడలేదు. విలువల గురించిన మాటలు నిజమూ కావు, అబద్ధమూ కావు, అవి మన కోరికల వ్యక్తీకరణలు అన్నాడు. సొంత వాదానికి కట్టుబడి ఆ మూల్యం చెల్లించాడు. కానీ ఆ మూల్యం ఎంతో చూడండి. అప్పుడు టస్కీగీని ఆపమన్నవాళ్లకు ఒక కోరిక ఉంది, కొనసాగించమన్న బృందానికి ఇంకో కోరిక ఉంది, అంతకు మించి చెప్పడానికి ఏమీ మిగలదు. నేనైతే ఆ మూల్యం చెల్లించను. సైంటిజం నిజమనడానికి ఉన్న ఆధారం కన్నా, ఆ మనుషులకు అన్యాయం జరిగిందనడానికి ఉన్న ఆధారమే బలమైనది.

"నీతి భావాలు ఎలా వచ్చాయో పరిణామవాదం చెబుతుంది కదా?" చెబుతుంది, ఎంతో కొంత. కానీ ఒక నమ్మకం మన మెదడులోకి ఎలా వచ్చింది అనేది వేరు, అది సరైనదా కాదా అనేది వేరు. లెక్కలు చేసే శక్తి మెదడుకు ఎలా వచ్చిందో వివరిస్తే రెండూ రెండూ నాలుగు అన్నది తేలదు. "మనుషుల క్షేమాన్ని కొలిచి, ఎక్కువ క్షేమం ఎటుంటే అటు వెళ్దాం" అనేవాళ్లూ ఉన్నారు. కొలవడం మంచిదే. కానీ 600 మంది బాధకు బదులు లక్షల మందికి పనికొచ్చే సమాచారం దొరికితే? ఆ బేరం కుదుర్చుకోవచ్చా అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు కొలతల బయట ఉంది. టస్కీగీ బయటపడ్డాక అమెరికా ఒక జాతీయ కమిషన్ వేసింది. 1979లో వచ్చిన బెల్మాంట్ నివేదిక మనుషుల మీద పరిశోధనకు మూడు సూత్రాలు చెప్పింది: వ్యక్తి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం. మనుషుల మీద పరిశోధనలను ఆమోదించే ముందు నైతిక కమిటీలు చూసేది ఇలాంటి సూత్రాలనే. ప్రయోగం మొదలవడానికి ముందే ప్రయోగంతో తేలని సత్యాలు అక్కడ కూర్చుని ఉంటాయి.

ఇప్పుడు రెండో వైపు. ఈ వీడియో చూసి ఎవరైనా "సైన్స్‌కు అందనివి ఉంటాయని మేం ఎప్పుడో చెప్పాం" అని సంబరపడుతుంటే, వాళ్లతోనూ మాట్లాడాలి.

ప్రపంచంలో ఫలానాది జరుగుతుంది అని మీరు అన్న క్షణం మీరు సైన్స్ పరిధిలోకి వచ్చినట్టే. 2006లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. గుండెకు బైపాస్ సర్జరీ చేయించుకుంటున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. కొందరి కోసం వాళ్లకు చెప్పకుండా ప్రార్థనలు చేయించారు, కొందరి కోసం చెప్పి మరీ చేయించారు, కొందరికి చేయించలేదు. ప్రార్థన వల్ల సర్జరీ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవాళ్లలో ఆ ఇబ్బందులు కాస్త ఎక్కువే కనిపించాయి, 59 శాతం మందిలో. ప్రార్థించే మనిషికి దాని వల్ల దొరికే అర్థం ఏమిటి, దేవుడున్నాడా లేడా, ఇవి ఆ అధ్యయనం ముట్టుకోని ప్రశ్నలు. కానీ "దీనివల్ల రోగం తగ్గుతుంది" అని ఎవరైనా అంటే, ఆ మాటను పరీక్షించే హక్కు సైన్స్‌కు పూర్తిగా ఉంది, ఫలితం వచ్చాక "మాది వేరే దారి" అని తప్పించుకోవడం కుదరదు. జబ్బు, మందు, గ్రహాల కదలిక, భూమి వయసు, ఇవన్నీ అంతే.

హద్దులు గీసేవాళ్లు ఇంకో జాగ్రత్త కూడా తీసుకోవాలి. నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనం ఎప్పటికీ తెలుసుకోలేమని 1835లో ఓగస్ట్ కోంట్ అనే ఫ్రెంచ్ తత్వవేత్త రాశాడు. పాతికేళ్లు తిరక్కముందే కిర్కాఫ్, బున్‌సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు వెలుగును పట్టకంతో విడదీసి, సూర్యుడిలో ఏ మూలకాలున్నాయో చదవడం మొదలుపెట్టారు. ఇవాళ తెలియనిదంతా సైన్స్‌కు అందనిది కాదు. నేను చెబుతున్నది ఇంకా దొరకని జవాబుల గురించి కాదు, వేరే రకం ప్రశ్నల గురించి.

ఈ రెండు రకాల ప్రశ్నలూ ఒకే బల్ల మీదకు వచ్చిన సందర్భం చూద్దాం.

[తెర మీద సూక్ష్మదర్శిని కింద పిండం. పక్కన అంకె: 14]

1978లో ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. శరీరం బయట పిండాన్ని పెంచడం సాధ్యమైంది కాబట్టి, పరిశోధన కోసం ఎన్ని రోజులు పెంచొచ్చు అనే ప్రశ్న వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షురాలు మేరీ వార్నాక్, ఒక తత్వవేత్త. సభ్యుల్లో ఆన్ మెక్‌లారెన్ అనే జీవశాస్త్రవేత్త ఉంది. జీవశాస్త్రం ఏం చెప్పిందంటే: సుమారు 14, 15 రోజుల దగ్గర పిండంలో ఒక గీత ఏర్పడుతుంది, శరీరం అక్కడి నుంచి రూపు దిద్దుకుంటుంది. ఆ తర్వాత మామూలుగా అది రెండుగా విడిపోయి కవలలు కావడం ఉండదు. ఇది శుద్ధమైన సైన్స్, ఇది తెలియకుండా ఆ చర్చ గుడ్డిగా సాగేది. కానీ ఆ గీత కనిపించింది కాబట్టి అక్కడ ఆగాలి అని ఆ గీత మీద రాసి లేదు. కమిటీలో అందరూ ఒప్పుకోలేదు, పరిశోధనే వద్దన్న సభ్యులూ ఉన్నారు. వాదించుకుని 14 రోజులన్నారు. 1984లో నివేదిక వచ్చింది, 1990లో చట్టమైంది, చాలా దేశాలు అదే హద్దు పెట్టుకున్నాయి.

చాలా ఏళ్లు ఆ హద్దును పరీక్షించే అవసరం రాలేదు, ఎందుకంటే అన్ని రోజులు పిండాన్ని బతికించడం ఎవరికీ చేతకాలేదు. 2016లో రెండు ప్రయోగశాలలు 12, 13 రోజుల దాకా తీసుకెళ్లాయి, నియమం ఉంది కాబట్టి ఆపేశాయి. 2021లో మూలకణ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం తన మార్గదర్శకాల్లో ఆ హద్దును సడలించింది. గర్భస్రావాలు ఎందుకవుతాయో తెలియాలంటే ఆ రోజులే కీలకమని ఒకవైపు అంటున్నారు. చేయగలిగామని హద్దు జరుపుకుంటూ పోతే అది హద్దెలా అవుతుందని రెండోవైపు అడుగుతున్నారు. 15వ రోజున పిండంలో ఏం జరుగుతుందో చెప్పడానికి మనకు మెరుగైన సూక్ష్మదర్శినులు కావాలి. ఆ రెండు వాదనల్లో ఏది సరైనదో తేల్చడానికి మాత్రం, వార్నాక్ కమిటీ లాగే, మనుషులు ఎదురెదురుగా కూర్చుని కారణాలు చెప్పుకోవాల్సిందే.